ఇరవై ఆరో చేయి

ఆ గొడుగుల కార్ఖానాలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె కొలబద్ద. పన్నెండు మడతల బట్ట పరిచి, పైన చెక్క పలక పెట్టి, కత్తి ఒక్క లాగు లాగిందంటే నూలుపోగు అటూ ఇటూ కాదు. గొడుగుకి ఎనిమిది ముక్కలు. అందులో ఒక్కటి గోరంత తగ్గినా తెరిచినప్పుడు గొడుగు మూతి వంకర పెడుతుంది. కొలబద్ద కోసిన గొడుగు మూతి వంకర పెట్టిందని ఒక్కడూ తిరిగి తెచ్చింది లేదు. వంకర ఏమన్నా ఉంటే ఆమె మాటలోనే ఉండేది.

పద్నాలుగేళ్ళప్పుడు అన్న వెనకాల ఆ గేటు లోపలికి వచ్చింది. అన్న కడ్డీలు బిగించేవాడు. ఆమె మొదట నేల మీద పడ్డ పేలికలు ఏరేది, తర్వాత బట్ట పరిచేది, ఆ తర్వాత కత్తి పట్టింది. అన్నకి పెళ్ళయ్యాక వదిన కూడా అక్కడే కుట్టు మిషను దగ్గర కూర్చుంది. ఈమె కోసింది ఆమె కుట్టాలి.

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇంట్లో సగం, ఇక్కడ సగం, కలిపితే పూర్తి మొగుడివి నువ్వే" అనేది వదిన.

"మరి మా అన్నయ్య ఎవరో?"

"ఆయన కడ్డీలకి మొగుడు. నాకెక్కడ తీరిక ఇచ్చాడు."

ఆ మిషన్ల మోతలో ఏళ్ళ తరబడి కూర్చుని వదినకి చెవులు మందగించాయి. మాట వినబడకపోతే ఎదుటివాళ్ళ మొహం చూసి అర్థం చేసుకునేది. మొహాలు అబద్ధం చెప్పవని ఆమె నమ్మకం.

ఇరవై రెండేళ్ళ కిందట కార్ఖానా మూతపడబోయింది. ఒక ఏడు వానలు పడలేదు. మరుసటి ఏడు పడ్డాయి గానీ, వాటితోపాటు బయటి నుంచి చవక గొడుగులు కూడా వచ్చి పడ్డాయి. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన బ్యాంకుకి వెళితే ఇల్లు తాకట్టు పెట్టమన్నారు. ఇల్లు అప్పటికే తాకట్టులో ఉంది. డబ్బున్న నలుగురినీ పిలిచి కంపెనీలో వాటా కొనమంటే, టీ తాగి, గొడుగు ఒకటి ఊరికే తీసుకుని లేచిపోయారు. వాళ్ళని అనడానికీ లేదు. పరాయివాడి కంపెనీలో డబ్బు పెట్టడమంటే, వాడి ఇంట్లో అన్నం వండి తాళం వాడి చేతికే ఇచ్చి రావడం. వాడు తలుపు తీస్తే తిన్నట్టు, లేకపోతే కోర్టు మెట్ల మీద పస్తు. అందుకే అక్కడి కంపెనీలన్నీ ఇంటి కంపెనీలే. తండ్రి కుర్చీలోంచి లేస్తే కొడుకు కూర్చుంటాడు, కొడుకు లేకపోతే అల్లుడు. బయటివాడు డబ్బు పెట్టడు, ఇంటివాడు కుర్చీ వదలడు.

ఆఖరికి పెద్దాయన కోత బల్ల మీదకెక్కి నిలబడ్డాడు. రెండేళ్ళ బోనసు తన దగ్గర వదిలెయ్యమన్నాడు. అప్పుగా వద్దు, వాటా రాసిస్తానన్నాడు. బోనసంటే పిల్లల ఫీజులు, కారుతున్న ఇంటి కప్పు, ఇంకెవరికో ఇస్తానన్న మాట. కొలబద్ద ముందుకొచ్చింది.

"వాటా అంటే కాగితమేగా, వానొస్తే తడుస్తుంది. గొడుగు పట్టడం మాకు కొత్తా, పట్టుకుంటాంలెండి" అని మొదటి సంతకం పెట్టింది.

హాలంతా నవ్వింది, ఆ నవ్వులో ఇంకో ఇరవై తొమ్మిది మంది పెట్టారు. ఆమె అన్న కూడా పెట్టాడు. కంపెనీ మొత్తం నూరు వాటాలైతే అందులో ముప్ఫై పనివాళ్ళవి, మనిషికొకటి. మిగిలిన డెబ్బై పెద్దాయన ఇంటివి. ఎవరైనా తమ వాటా అమ్ముకోవాలంటే ముందు తక్కిన వాటాదార్లందరినీ అడగాలని కంపెనీ నియమాల్లో పెద్దాయనే రాయించాడు. ఆరేళ్ళ కిందట అన్న పోతే ఆయన వాటా వదిన పేరు మీదకి మారింది.

ఏడాదికోసారి వాటాదార్ల మీటింగు జరగాలి. అది ఎప్పుడూ వానలకి ముందు, ఊపిరాడని పని రోజుల్లో వచ్చేది. మిషన్లు ఆపడం ఎందుకని పనివాళ్ళు మీటింగుకి వెళ్ళేవాళ్ళు కాదు. 'నా బదులు వేరేవాళ్ళు చెయ్యెత్తవచ్చు' అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టి పంపేవాళ్ళు. దాన్ని బదులు కాగితం అనేవాళ్ళు. మధ్యాహ్నం అన్నాల వేళ బల్లబల్లకీ తిరిగి వాటిని పోగుచేసేది కొలబద్దే. గుమాస్తా ముప్ఫై కాగితాలూ జేబులో పెట్టుకెళ్ళి, ముప్ఫై మందికీ తానే చెయ్యెత్తేవాడు.

కొత్తగా చేరినవాళ్ళెవరైనా మీటింగులో ఏం జరుగుతుందో చూస్తామంటే కొలబద్ద ఒప్పుకునేది కాదు.

"మీటింగుకి పోయి కూర్చోవడమంటే అన్నం పెట్టినాయన్ని లెక్క చెప్పమని నిలదీయడమే. సిగ్గులేదూ?" అనేది.

పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఆ చెయ్యి తప్పుగా లేవలేదు. లాభం వచ్చిన ఏడు పంచాడు, రాని ఏడు బల్ల మీదకెక్కి రాలేదని చెప్పాడు. చట్టం చెయ్యాల్సిన కాపలాని వీళ్ళు ఒక మనిషి మంచితనానికి అప్పగించి నిశ్చింతగా కూర్చున్నారు. మంచితనం మనిషితోపాటే పోతుంది. కొడుక్కి రాసిచ్చే ఆస్తుల్లో అది ఉండదు.

పెద్దాయన పోయాక చినబాబు వచ్చాడు. చదువుకున్నవాడు, గొంతు పెంచి మాట్లాడడు. భార్య పేరు మీద ఇంకో కంపెనీ పెట్టాడు. ఇక్కడ చేసిన గొడుగులన్నీ అయిన ఖర్చుకే ఆ కంపెనీకి అమ్మేస్తాడు. అక్కడి నుంచి అవి బజారు ధరకి దుకాణాలకి వెళతాయి. మేత వేసేది ఇక్కడ, పాలు పితికేది అక్కడ. మూడేళ్ళు వరసగా పనివాళ్ళకి లాభం రాలేదు. కార్ఖానా మాత్రం రెండు షిఫ్టులు నడుస్తోంది. ఆడవాళ్ళు గొణిగితే కొలబద్దే నోరు మూయించింది.

"తండ్రి పోయిన కుర్రాడు. కాస్త నిలదొక్కుకోనివ్వండే."

ఆ కుర్రాడికి అప్పటికి నలభై రెండేళ్ళు.

ఆ ఏడు కూడా కొలబద్ద ఎప్పటిలాగే బదులు కాగితాలు పట్టుకుని తిరిగింది. వదిన మిషను దగ్గరికి వచ్చేసరికి వదిన కాగితాన్ని తిప్పి చూసింది.

"ఏమే, ఈసారి దీని కింద ఇంకో కాగితం పిన్ను కొట్టి ఉందేంటి? రెండో కాగితం ఉంటే నాకు భయమేస్తోందే."

"నీకెందుకు వదినా భయం? పై కాగితంలో ఏముందో చదివి చెప్పు, కింది దాని సంగతి నేను చెప్తాను."

పక్క మిషన్లవాళ్ళు పకపకా నవ్వారు, వాళ్ళతోపాటు కొలబద్దా నవ్వింది. వదినకి మాట సగమే వినబడింది గానీ నవ్వు పూర్తిగా కనబడింది. ఇంకేదో అనబోయి ఊరుకుంది. తలొంచుకుని సంతకం పెట్టింది.

ఆ రోజు ఒకామె సెలవు పెట్టింది. ఆమె కాగితం పొద్దున్నే వాళ్ళింట్లో సంతకం పెట్టించి ఇద్దామని కొలబద్ద సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. కొలబద్ద మొగుడు సైకిళ్ళూ స్కూటర్లూ బాగుచేస్తాడు. పొట్లం కట్టిన కాగితమైనా చదవనిదే పారెయ్యని మనిషి. సంచిలో అగ్గిపెట్టె కోసం వెతుకుతూ ఆ కాగితం తీసి, వాకిట్లో కూర్చుని, రెండో పేజీ కూడా చదివాడు. చదివి ఇంకోసారి చదివాడు.

"ఇది నువ్వు పంచావా?"

"ఏడాదేడాదీ నేనేగా పంచేది. ఏముంది?"

"కొత్తగా మూడు వందల వాటాలు పుట్టిస్తున్నారు. అన్నీ చినబాబు భార్య కంపెనీకే, పాత ధరకే. దానికి మీరంతా సరేనంటున్నట్టు ఉంది."

"పుట్టించుకోనీ. మన ముప్ఫై మనకి ఉంటాయిగా?"

"ఉంటాయి. ఇప్పుడు నూటిలో ముప్ఫై, రేపు నాలుగు వందల్లో ముప్ఫై. మీ పాలు ఒక్క చుక్క తీసుకోవడం లేదే. కుండలో నీళ్ళు పోస్తున్నారు, అంతే."

కొలబద్ద లెక్కలో మొద్దు కాదు. బట్ట కోసేవాళ్ళకి వాటాలు తెలుసు. ఒకే తానులో ఎనిమిది బదులు ముప్ఫై రెండు ముక్కలు కోస్తే ఒక్కో ముక్క ఎంతవుతుందో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆమెకి పాలుపోనిది వేరే ఉంది. ఇరవై తొమ్మిది కాగితాలు ఆ మధ్యాహ్నమే గుమాస్తా చేతికి ఇచ్చేసింది.

మర్నాడు మొగుడు ఆమెని తను స్కూటరు బాగుచేసే లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. మందుల షాపు మీద చిన్న గది. కుర్చీలు రెండే ఉంటే, ఒక దాని మీద ఫైళ్ళున్నాయి. లాయరమ్మ కాగితం చదివి కళ్ళజోడు తీసింది.

"చట్టం మీ వైపే ఉందమ్మా. కాకపోతే అది మీ ఇంటికి రాదు. మీరే దాని దగ్గరికి వెళ్ళాలి."

"ఎక్కడికి పోవాలి?"

"మీటింగుకే. ఇంత పెద్ద నిర్ణయానికి అవుననేవాళ్ళు కాదనేవాళ్ళకి మూడింతలు ఉండాలి. బదులు కాగితం ఇచ్చేసినా ఫరవాలేదు. మనిషే వచ్చి చెయ్యెత్తితే ఆ కాగితం చెల్లదు. రానివాళ్ళ కాగితాలు మాత్రం గుమాస్తా అవతలివైపు వేస్తాడు."

"ఎంతమంది రావాలి?"

లాయరమ్మ కాగితం మీద వేసి చూపించింది. "ఇరవై ఆరు. ఇరవై అయిదు మందే వస్తే, వాళ్ళ డెబ్బై వాటాలకి రాని అయిదుగురివీ కలిసి అటు డెబ్బై అయిదు, ఇటు ఇరవై అయిదు. సరిగ్గా మూడింతలు. వాళ్ళు గెలుస్తారు."

మీటింగుకి అయిదు రోజులుంది. కొలబద్ద ఇల్లిల్లూ తిరిగింది. జీవితంలో ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపని మనిషి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఒకే మాట చెప్పింది. నేను చదవకుండా పంచాను, తప్పు నాది, మీటింగుకి రండి. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. కొందరు ఆమె మాటే ఆమె మొహాన కొట్టారు.

"మీటింగుకి పోతే అన్నం పెట్టినాయన్ని నిలదీసినట్టేనని నువ్వే కదక్కా అన్నావు?" అంది పిడులు అతికించే ఆమె.

"అన్నాను. బుద్ధి లేక అన్నాను."

"ఇన్నేళ్ళు లేని బుద్ధి ఈ అయిదు రోజుల్లో వచ్చిందా?"

"ఆలస్యంగా వచ్చింది. వచ్చిందాన్ని గుమ్మంలోంచే పంపెయ్యకే."

వదిన ఇంటికి ఆఖరున వెళ్ళింది. వదిన ఎలాగూ వస్తుందని ధైర్యం. కూతురు అత్తారింటికి వెళ్ళాక వదిన ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళు పాడైపోయి, కుర్చీ పట్టుకుని నడుస్తోంది. కొలబద్ద చెప్పిందంతా ఆమె మొహం చూస్తూ విన్నది. మోకాలు రాసుకుంటూ కూర్చుంది.

"రాలేవా వదినా? మా ఆయన స్కూటరు మీద దింపుతాడు."

"వస్తాలేవే. చెయ్యెత్తడమేగా. మోకాలు ఎత్తమనలేదుగా."

కొలబద్ద నవ్వింది. వదిన నవ్వలేదు.

మీటింగుకి ముందురోజు చినబాబు కొలబద్దని ఆఫీసుకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పెద్దమ్మా, నేను దొంగనని చెప్తున్నావట అందరికీ."

"దొంగని అనలేదు బాబూ. నీళ్ళు పోస్తున్నావన్నాను."

"కొత్త మిషన్లు కొనాలి. బ్యాంకు ఇవ్వదు. బయటివాళ్ళు పెట్టరు. ఇంకొకడి చేతిలో డబ్బు పెట్టి నిద్రపోయే ధైర్యం ఈ చుట్టుపక్కల ఎవరికుంది చెప్పు? నాన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పెడితే మా ఇంటి డబ్బే పెట్టాలి."

"పెట్టు బాబూ. అదే ధరకి మా వంతు మాకూ ఇవ్వు. మేమూ పెడతాం."

"మీ దగ్గరుందా అంత?"

"మీ నాన్నగారు ఉందా అని అడగలేదు. ఉన్నది పెట్టమన్నారు."

చినబాబు కిటికీ వైపు చూశాడు. "ఆయన కాలం వేరు పెద్దమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు.

మీటింగు ఆఫీసు గదిలో. కుర్చీలు పది వేశారు. కాగితాలు పంచిన రోజు సెలవు పెట్టిన ఆమెతో కలిపి ఇరవై ఆరు మంది వచ్చేసరికి గుమాస్తా మొహం మాడింది. ఆడవాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. బట్టల మీద దారపు పోగులు అలాగే ఉన్నాయి. వదినని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వాటాదార్లు తప్ప బయటివాళ్ళు రాకూడదు గనక లాయరమ్మ, కొలబద్ద మొగుడు గేటు బయట నిలబడ్డారు. కొలబద్ద కళ్ళతోనే రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

చినబాబు తీర్మానం చదివాడు. కాదనేవాళ్ళు చేతులెత్తమన్నాడు. చేతులన్నీ లేచాయి. సూది పోట్లు పడ్డ వేళ్ళు, జిగురు అంటిన వేళ్ళు. గుమాస్తా పుస్తకం తెరిచి ఒక్కొక్కరి పేరూ చదువుతూ చుక్క పెట్టుకుంటున్నాడు. వదిన దగ్గర ఆగాడు.

"మీ పేరు లేదమ్మా."

వదినకి వినబడలేదు. చెయ్యి అలాగే ఉంది.

"లేకపోవడమేంటి? మా అన్నయ్య వాటా. ఆరేళ్ళ కిందట నువ్వే రాశావు" అంది కొలబద్ద.

"రాశాను. పోయిన నెల అమ్మేశారు. చినబాబు గారు కొన్నారు. కాగితాలున్నాయి." గుమాస్తా పుస్తకం ఇటు తిప్పాడు. "ఆ చెయ్యి లెక్కలోకి రాదు."

గదిలో అందరూ వదిన వైపు తిరిగారు. ఆమె వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఏం జరిగిందో మొహాల్లో చదువుకుంది. అయినా చెయ్యి దించలేదు. దించితే ఒప్పుకున్నట్టని భయమో ఏమో, ఇంకా కాస్త పైకి ఎత్తింది. కొలబద్ద వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

అటు డెబ్బై అయిదు, ఇటు ఇరవై అయిదు. తీర్మానం గెలిచింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. మోకాలి ఆపరేషన్‌కి వదిన కంపెనీలో అడ్వాన్సు అడిగింది. గుమాస్తా ఇంటికి వచ్చి, అప్పులిచ్చే రోజులు పోయాయి గానీ వాటా అమ్మితే చినబాబు కొంటారన్నాడు. ఇంకెవరికి అమ్ముతుంది? పనివాళ్ళ వాటా బయట ఒక్కడూ ముట్టుకోడు. లాభం పంచని కంపెనీలో, కుర్చీ దొరకని వాటా ఎవరిక్కావాలి? కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు చెప్పిందే ధర. రెండు కాగితాలు పిన్ను కొట్టి ఇస్తే సంతకం పెట్టింది. ఆయన పేరు, తన పేరు ఇన్నేళ్ళున్న పుస్తకంలోంచి మరీ తుడిచేస్తారని ఆమె అనుకోలేదు. డబ్బుకి సంబంధించినదే అమ్మానని, మనిషిగా చెయ్యెత్తే లెక్క మిగిలే ఉంటుందని అనుకుంది.

హాల్లో ఆడవాళ్ళు ఆమెని బతకనివ్వలేదు. "మోకాలి కోసం మా మెడలు అమ్మావు" అన్నారు. వదిన వారం రోజులు తలొంచుకుని కుట్టి, ఎనిమిదో రోజు నుంచి రావడం మానేసింది. ఆపరేషన్‌కి కూతురు వచ్చి తీసుకెళ్ళింది. కొలబద్ద ఆసుపత్రికి వెళ్ళలేదు. వెళ్ళాలని రెండుసార్లు చీర మార్చుకుంది, రెండుసార్లూ మానేసింది.

రెండు నెలలకి లాయరమ్మ కబురు పెట్టింది. గుమాస్తా దగ్గర నుంచి అమ్మకం కాగితాల నకలు తెప్పించింది.

"ఇదిగో, ఇందులో రెండో పేజీ చూడండి. 'నియమం ప్రకారం తక్కిన వాటాదార్లందరినీ అడిగాను, ఎవరూ కొంటామనలేదు' అని మీ వదినగారు సంతకం పెట్టారు. ఎవరినైనా అడిగారా?"

"అడిగితే మాకు తెలియదూ?"

"అయితే ఆ అమ్మకం చెల్లదు. అమ్మకం చెల్లకపోతే ఆవిడ చెయ్యి లెక్కలోకి వస్తుంది. తీర్మానం పడిపోతుంది. కానీ ఆ మాట ఆవిడే కోర్టులో నిలబడి చెప్పాలి. మీరు ఎంతమంది చెప్పినా సంతకం ఆవిడది."

కొలబద్ద సరాసరి వదిన ఇంటికి వెళ్ళింది. వదిన మంచం మీద కాలు చాపుకుని ఉంది. మోకాలి మీద ఎర్రగా, పొడుగ్గా కుట్లు. కొలబద్ద ముందు ఆ కుట్లే చూసింది.

"కుట్టు వంకరగా పడింది వదినా."

"నువ్వు కోసుంటే తిన్నగా వచ్చేది" అంది వదిన. అంతసేపూ పట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

కొలబద్ద మంచం పట్టె మీద కూర్చుంది. వదిన ఏడుపు తగ్గాక అడిగింది. "నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నీ ఇల్లు తాకట్టు పెడతావు. నాకు తెలియదా నీ సంగతి. ఆ రోజు మిషను దగ్గర చెబుదామనే రెండో కాగితం మాట ఎత్తాను. నేను సంతకం పెట్టిందానికీ అలాగే రెండో కాగితం ఉంది. నువ్వు వాళ్ళతో కలిసి నవ్వావు. చెప్పబుద్ధి కాలేదు."

కొలబద్ద ఆ మాట మింగింది. తర్వాత కోర్టు సంగతి నిదానంగా, వదినకి పెదవులు కనబడేలా తిరిగి కూర్చుని చెప్పింది. వదిన అంతా చూసింది.

"అమ్మకం చెల్లకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలి కదే?"

"ఇవ్వాలి."

"ఆ డబ్బు ఇందులో ఉంది." వదిన మోకాలి మీద చెయ్యి వేసింది. "కోసి ఇవ్వనా?"

"డబ్బు నేను చూస్తాను."

"చూస్తావు. ఇల్లు అమ్మి చూస్తావు." వదిన కళ్ళు తుడుచుకుంది. "డబ్బు మాట అలా ఉంచు. అక్కడ లాయర్లు అడుగుతారు, అబద్ధం కాగితం మీద ఎందుకు సంతకం పెట్టావమ్మా అని. నాకు వినబడదు. ఇంకోసారి అడుగుతారు, గట్టిగా. అందరూ నా మొహం చూస్తారు. ఆ గదిలో చూసినట్టే. నా వల్ల కాదే. నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను తీసుకెళ్ళకు."

కాళ్ళు పట్టుకోవాల్సింది ఎవరో కొలబద్దకి తెలుసు. ఇరవై తొమ్మిది మంది వాటా ఒక పక్క, మంచం మీద కాలు చాపుకున్న ఈ మనిషి ఒక పక్క. గట్టిగా రెండు మాటలంటే వదిన వస్తుంది. ఆమె ఎప్పుడూ వచ్చింది. నవ్వినా వచ్చింది, మోకాళ్ళు లేకపోయినా వచ్చింది.

"సరేలే. అడగను" అంది కొలబద్ద.

లాయరమ్మకి కోపం వచ్చింది. "సాక్షి లేకుండా కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఆ కంపెనీలో పంచుకోవడానికి గోడలు కూడా మిగలవు. తక్కినవాళ్ళకి ఏం చెప్తారు?"

"నాకు ఓపిక లేదని చెప్తాను."

అలాగే చెప్పింది. అన్నాల వేళ హాలు మధ్యలో నిలబడి, కోర్టుకి వెళ్ళే ఓపిక తనకి లేదని, ఇంక ఈ గొడవ వదిలేద్దామని చెప్పింది. వదిన పేరు ఎత్తలేదు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత పిడులు అతికించే ఆమె లేచింది.

"చినబాబు ఎంతిచ్చాడక్కా?"

కొలబద్ద ఆమె వైపు చూసింది. ఆ నోటికి జవాబు రాకపోవడం ఆ హాలు అంతకు ముందు చూడలేదు. జవాబు లేదు గనక అడిగిన మాట నిజమైపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె బల్ల దగ్గర ఎవరూ అన్నం గిన్నె విప్పలేదు.

వానలకి ముందు పెద్ద ఆర్డరు వచ్చింది. గొడుగుల మీద చినబాబు భార్య కంపెనీ పేరు వెయ్యాలన్నారు. కొలబద్ద పొద్దున్నే వచ్చి, పన్నెండు మడతల బట్ట ఒక్కతే పరుచుకుని, పలక పెట్టి, కోయడం మొదలుపెట్టింది. మాట్లాడేవాళ్ళు లేరు గనక సాయంత్రం దాకా పట్టే పని మధ్యాహ్నానికే అయిపోయింది.